దేవుని చిత్తం అని ఎలా తెలుస్తుంది? జర్మనీ ఆఫర్ వచ్చింది, ఇంట్లో అమ్మకి డయాలసిస్

చీరాల_పిల్ల · సోమవారం రాత్రి 11:52

అందరికీ వందనాలు. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, కొంచెం పెద్దగా ఉంటది, ఏమనుకోకండి.

నేను స్టాఫ్ నర్సుని, హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో నాలుగేళ్ళయింది. జర్మనీ వెళ్దామని డ్యూటీ చేసుకుంటూనే భాష నేర్చుకున్నా, బీ1 పాసయ్యా, ఇంటర్వ్యూ కూడా అయిపోయి ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. ఈ మధ్యలోనే, ఫిబ్రవరిలో, అమ్మకి కిడ్నీలు పనిచేయట్లేదని తేలింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో జరుగుతోంది కాబట్టి డబ్బు వరకు దేవుడికి స్తోత్రం. నాన్న లేరు. తమ్ముడు ఇంటర్ సెకండియర్. పిన్ని పక్క వీధిలోనే ఉంటది, ఆటోలో తీసుకెళ్ళేది తీసుకొచ్చేది తనే. నేను నైట్లన్నీ వరసగా చేసేసి ఆఫ్‌లు కలుపుకుని ట్రైనెక్కి వెళ్ళొస్తుంటా.

ఇక అసలు సంగతి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి తలా ఒక బైబిల్ వచనం కార్డు తీస్తాం కదా, నాకొచ్చిన వాగ్దానం కార్డు ఆదికాండము 12:1, నేను నీకు చూపించు దేశమునకు వెళ్ళుము అని. ఆ రాత్రి ఎంత ఏడ్చానో. ఇప్పుడు మా పాస్టరు అయ్యగారేమో తల్లిని ఈ స్థితిలో వదిలి వెళ్ళడం దేవుని చిత్తం కాదమ్మా, ప్రార్థనలో నాకు స్పష్టంగా చూపించాడు అంటున్నారు. పోయిన నెల పిన్ని వాళ్ళింట్లో గృహకూడికకి వేరే ఊరి నుంచి ఒక ప్రవక్త్రి వస్తే ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి నీ వెనకాల విమానం కనపడుతోంది అంది. ఇద్దరూ దేవుని సేవ చేసేవాళ్ళే, మరి దేవుడు ఇద్దరికీ వేరేవేరేగా చెప్తాడా?

ఇంక లాభం లేదని బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగినట్టు నేనే ఒక గుర్తు పెట్టుకున్నా, ఆదివారం లోపు ఏజెన్సీ వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్తా, లేకపోతే లేదు అని. శనివారం సాయంత్రం ఆరున్నరకి తెలియని నంబరు. చేతులు వణుకుతూ ఎత్తా. క్రెడిట్ కార్డు కావాలా మేడమ్ అంట.

నవ్వకండి. 20వ తారీకు లోపు ఏజెన్సీకి ఏదో ఒకటి చెప్పాలి. తప్పు డెసిషన్ తీసుకుంటే దేవుని చిత్తంలోంచి జారిపోతానేమో, ఇక లైఫంతా ఆయన అనుకున్న దారి కాకుండా ఇంకేదో దారిలో బతకాలేమో అని భయం. మందులు లోడ్ చేసేటప్పుడు కూడా ఇదే ఆలోచన, అది ఇంకా భయం.

హోరేబు_77

చెల్లెమ్మా, మూడు రోజులు ఉపవాసం ఉండి దేవుని జవాబు కోసం కనిపెట్టండి. యిర్మీయా 29:11 పట్టుకోండి, ఆయన ఉద్దేశాలు సమాధానకరమైనవే. ప్రార్థనలో పెడుతున్నా. ఆమెన్.

తెనాలి_డేవిడన్న

హోరేబు బ్రదర్, ఆ వచనం ఫ్రిజ్ మీద స్టిక్కర్ దగ్గర్నుంచి ఆటో వెనక దాకా అన్నిచోట్లా ఉంది గానీ అది ఎవరికి రాశారో ఒకసారి చూడండి. బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి యిర్మీయా పంపిన ఉత్తరం అది. పైన 10వ వచనంలో 70 ఏళ్ళు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోతారు, వాళ్ళకి కూడా అది సమాధానకరమైన ఉద్దేశమే. ఇంకొంచెం పైన 5, 6 వచనాల్లో ఏం చెయ్యమన్నాడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి. నెబుకద్నెజరు రాజ్యంలో ఏ వీధిలో ఇల్లు కట్టాలో చెప్పలేదు.

చెల్లెమ్మ భయం నాకు అర్థమైంది, ఎందుకంటే డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు నేనూ అదే భయంతో ఖాళీగా కూర్చున్నా, ఇంట్లో తిట్లు తింటూ. దేవుని చిత్తం అంటే లాటరీ టికెట్ నంబరు లాంటిదని, ఒక్క అంకె తేడా వచ్చినా మొత్తం పోతుందని అనుకునేవాణ్ణి. తర్వాత కూర్చుని బైబిల్లో "దేవుని చిత్తము" అన్న మాట నేరుగా ఎక్కడెక్కడ ఉందో వెతికా. 1 థెస్సలొనీకయులు 4:3, పరిశుద్ధులుగా ఉండటం. అదే పత్రిక 5:18, ప్రతి విషయంలో కృతజ్ఞత. 1 పేతురు 2:15, మంచి చేసి మూర్ఖుల నోరు మూయించడం. ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఎవరితో పెళ్ళి అన్నది ఒక్కచోట కూడా లేదు. పెళ్ళి గురించి 1 కొరింథీయులు 7:39లో విధవరాలికి ఇష్టమైనవాడిని చేసుకోవచ్చు, ప్రభువునందు అయితే చాలు అన్నాడు. "ఇష్టమైనవాడిని" అన్న మాట మన సంఘాల్లో ఎవరూ అండర్‌లైన్ చెయ్యరు అదేంటో.

గిద్యోను సంగతి కూడా. న్యాయాధిపతులు 6వ అధ్యాయం 14వ వచనంలోనే దేవుడు వెళ్ళమని చెప్పేశాడు, బొచ్చు పరిచింది 36వ వచనంలో. అంటే తెలియక పెట్టిన పరీక్ష కాదది, తెలిసీ నమ్మకం చాలక పెట్టింది. దేవుడు ఓర్చుకున్నాడు, అంతే.

నల్గొండ_పోరడు

అక్కా వాగ్దానం కార్డు ముచ్చట నేను చెప్త. మా చర్చిల ఆ కార్డులు రెండేండ్లు నేనే తయారు జేసిన. కంప్యూటర్ల టైప్ జేసి, జిరాక్స్ షాపుల రంగు కాయితం మీద తీసి, కూసొని కత్తెర్తోని కోసుడు. మొత్తం 300 కార్డులు, వచనాలు మాత్రం 40, అవే మల్ల మల్ల. శాపాలు, యుద్ధాలు ఉన్నయి ఏరి పక్కన వెట్టమన్నరు. గా "వెళ్ళుము" అన్న కార్డు ఒక్క మా చర్చిలనే ఏడుగురికో ఎనిమిదిమందికో వచ్చింది, అండ్ల ఒకాయన మా పెద్దబాపు, నల్గొండ బస్టాండ్ దాటి పోయెటోడు కాదు.

నేను ఎక్కిరిస్తలేను, మా అమ్మ ఆ కార్డు బైబిల్ల పెట్టుకొని సంవత్సరమంత చదువుతది, ధైర్యం వస్తది, మంచిదే. గని దాన్ని చూసి వీసా తీస్కునుడేంది?

హోరేబు_77

తమ్ముడూ దేవుడు కార్డు ద్వారా మాట్లాడలేడా? గాడిద ద్వారా మాట్లాడాడు. చీట్ల గురించి సామెతలు 16:33 చూడు. అపొస్తలులు కూడా చీట్లు వేసే మత్తీయని ఎన్నుకున్నారు, అపొస్తలుల కార్యములు 1:26.

తెనాలి_డేవిడన్న

నిజమే బ్రదర్, కానీ అది 1వ అధ్యాయం. 2వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగిన తర్వాత చీట్లు వేసినట్టు మళ్ళీ ఒక్కసారి కూడా కనపడదు. 6వ అధ్యాయంలో ఏడుగురు కావాలంటే మీరే చూసి ఎన్నుకోండి అన్నారు. 15వ అధ్యాయంలో అంత పెద్ద గొడవ తేల్చి రాసిన ఉత్తరంలో "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు. ఆ "మాకును" చూడండి. వాదించుకున్నారు, ఒకరి మాట ఒకరు విన్నారు, వాళ్ళ బుర్ర కూడా వాడారు.

విశాఖ_పద్మజ

మాది వేరే మతం అండి, గూగుల్‌లో ఏదో వెతుకుతుంటే ఇది తగిలింది, తప్పుగా అనుకోకండి. చీట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఇళ్ళల్లో పూలు పెట్టి అడుగుతారు, ఒక పొట్లంలో ఎర్ర పువ్వు, ఒక దాంట్లో తెల్లది, దేవుడి ముందు పెట్టి చిన్నపిల్లతో తీయిస్తారు. ఎర్రది వస్తే సరేనని. నా పెళ్ళి సంబంధానికి మా అమ్మమ్మ అలాగే పెట్టింది, తెల్లది వచ్చింది. పొట్లాలు సరిగ్గా కలపలేదే అని మళ్ళీ తీయించింది. మళ్ళీ తెల్లదే. పిల్ల స్నానం చేసిందా అని అడిగి, వేరే పిల్లని పిలిపించి మూడోసారి తీయిస్తే అప్పుడొచ్చింది ఎర్రది. అమ్మమ్మకి ఆ అబ్బాయి ముందే నచ్చేశాడు మరి. మీరు ఆ క్రెడిట్ కార్డు ఫోన్ ఎత్తగానే ముందు మీ మనసులో ఏమనిపించిందో, అయ్యో అనిపించిందా హమ్మయ్య అనిపించిందా, అది గుర్తుందా?

చీరాల_పిల్ల

పద్మజ గారూ మీ ప్రశ్న చదివి పావుగంట ఫోన్ పక్కన పెట్టేశా. అయ్యో అనిపించింది. చాలా. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలనుంది. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా భయమేస్తోంది, కూతురు అయ్యుండి అని.

కువైట్_నర్సక్క

చెల్లీ, ఏడవకు. నేను 11 ఏళ్ళుగా గల్ఫ్‌లో చేస్తున్నా. వచ్చేటప్పుడు దేవుని చిత్తం అని సాక్ష్యం చెప్పి మరీ వచ్చా, నిజానికి ఇంటి అప్పు తీర్చడానికి వచ్చా. రెండూ ఒకటేనేమో. మా అమ్మ పోయినప్పుడు టికెట్ దొరికి ఇంటికి చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, వెళ్తే ఇది కూడా జరగొచ్చు అని కళ్ళు తెరుచుకుని వెళ్ళాలి కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు నర్సుగా కొన్ని అడుగుతా. అమ్మకి ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపేది) పెట్టారా ఇంకా మెడ దగ్గర క్యాథెటర్ గొట్టమేనా? క్యాథెటర్ అయితే ఇన్‌ఫెక్షన్ గోల, చలిజ్వరం వస్తే ఆ రాత్రికే తీసుకెళ్ళాలి, అది పిన్నికి తెలుసా? ఫిస్ట్యులా అయితే రోజూ పొద్దున చెయ్యి పెట్టి ఆ జుమ్మనేది ఉందో లేదో చూడటం తమ్ముడికి నేర్పించావా? ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎవరైనా ఎత్తారా? ఇక ఆ ఏజెన్సీ, ఎంత అడుగుతున్నారు, బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? తెలంగాణలో విదేశీ ఉద్యోగాలకి పంపే గవర్నమెంటు వాళ్ళ సంస్థ టామ్‌కామ్ ఉంది, ట్రిపుల్ విన్ అని జర్మనీకి నర్సుల్ని పంపిస్తుంటారు, లక్షలు అడిగే ఏజెన్సీకి సంతకం పెట్టేముందు అక్కడ ఒకసారి అడుగు. బీ1తో వెళ్ళినా అక్కడ పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే బీ2 కావాలి, అందాకా అసిస్టెంట్ పనే, జీతం కూడా దానికి తగ్గట్టే. తర్వాత అమ్మని తెచ్చుకోవచ్చులే అని ఎవరైనా చెప్తే నమ్మకు, వీసా సంగతి దేవుడెరుగు, డయాలసిస్ పేషెంట్‌కి అక్కడ ఇన్సూరెన్స్ ఎవరిస్తారో ముందు కనుక్కో.

ఈ ప్రశ్నలన్నిటికీ సమాధానం రాసుకున్నాక ప్రార్థన చెయ్. ఏం అడగాలో అప్పటికి తెలుస్తుంది.

గుణదల_మేరీ

మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మాలో ఇగ్నేషియస్ లొయోలా గారి పద్ధతి ఒకటి ఉంది. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలికి ఫిరంగి గుండు తగిలి నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు, వీరుల కథల్లో తేలుతుంటే అప్పటికి బాగున్నా తర్వాత మనసు ఎండిపోవడం, క్రీస్తు జీవితం, పునీతుల కథలు చదివితే తర్వాత కూడా ఆ ఆనందం నిలవడం ఆయన గమనించాడు. అక్కడ మొదలైంది. ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి నాకు చాలా పనికొచ్చింది, మనసు చీకట్లో ఉన్నప్పుడు, నిరాశలో ఉన్నప్పుడు, ముందు చేసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు, కొత్తది చెయ్యొద్దు.

నువ్వు వరసగా నైట్లు చేసి, ట్రైన్‌లో కూర్చుని నిద్రపోయి, ఇంటికెళ్ళి అమ్మ చెయ్యి చూసి మళ్ళీ ట్రైనెక్కే మనిషివి. ఆ ఒంటితో దేవుని స్వరం ఏం వినపడుతుంది తల్లీ. ఒక రోజు సెలవు పెట్టి పడుకో ముందు.

హోరేబు_77

అందరూ ఏవేవో చెప్తున్నారు, అయ్యగారు ప్రార్థించి చెప్పిన మాట పక్కన పెట్టేస్తారా? కాపరికి లోబడమని హెబ్రీ 13:17. మార్కు 7లో కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పితం అని చెప్పి తల్లిదండ్రుల్ని వదిలేసిన వాళ్ళని యేసు ప్రభువు గద్దించాడు. దేవుని పేరు చెప్పి అమ్మని వదలడం కూడా అదే.

నల్గొండ_పోరడు

అన్నా కొర్బాను అన్నోళ్ళు పైసలు ఇయ్యకుండ తప్పించుకున్నోళ్ళు. ఈ అక్క పైసలు పంపనీకి పోతున్నది. రెండు ఒక్కటేనా?

పాత_హెబ్రోను

అమ్మా, నాకు 68 ఏళ్ళు. ఫోన్‌లో తెలుగు టైపింగ్ మనవరాలు నేర్పింది, తప్పులుంటే క్షమించాలి.

మేము భక్తసింగ్ గారి సహవాసంలో పెరిగిన వాళ్ళం. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజినీరింగు చదవడానికి పోయి, కెనడాలో ప్రభువును ఎరిగి, 1933లో తిరిగొచ్చిన మనిషి. ఆయన చిన్న పనికైనా మోకాళ్ళ మీద గంటలు గడిపి ప్రభువు చిత్తం అడిగేవారు, హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో ఆయన సహవాసపు మందిరం హెబ్రోనుకి వచ్చినవాళ్ళందరికీ ఆ అలవాటు అబ్బింది. హృదయంలో సమాధానం ఉందా లేదా అని చూసుకోవాలి, కొలొస్సయి 3:15. ఆ క్రమశిక్షణ వల్ల నా జీవితంలో చాలా మేలు జరిగింది, దానిని తక్కువ చేసి మాట్లాడను.

అయితే ఒకటి చెప్పాలి. మా చెల్లెలికి 1984లో ఒక సంబంధం వచ్చింది. టీచరు, భక్తిపరుడు, మా చెల్లెలికీ ఇష్టమే. మా ఊరి సంఘంలో పెద్దలు ప్రార్థించి మాకు సమాధానం లేదు అన్నారు. మళ్ళీ రెండేళ్ళకి ఇంకొకటి. సమాధానం లేదు. మూడోది కూడా. ప్రతిసారీ పెద్దల గదిలో నేనూ ఉన్నాను. ఆ మూడు సంబంధాలూ వేరే కులం వాళ్ళవి. ఆ సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మోకాళ్ళ మీదే ఉన్నాం అందరం, కళ్ళు మూసుకునే ఉన్నాం. చెల్లెలికి ఇప్పుడు 63, ఒక్కతే ఉంటుంది. ఆదివారం నా పక్క బెంచీలోనే కూర్చుంటుంది. దేవుని చిత్తం అనే మాట ఎవరైనా నోటితో అంటే నేను ఇప్పుడు ఆ బెంచీ వైపు చూస్తాను.

మీ కాపరి గారు చెడ్డవారని నేననను, ఆయన్ని నేనెరుగను. కానీ ఒక మాట అడగండి, అయ్యగారూ మీకు దేవుడు చూపించిందేంటి, మీకు అనిపించిందేంటి, ఈ రెంటికీ తేడా ఎలా తెలుసుకున్నారు అని. నిజమైన కాపరి కోప్పడడు. 1 రాజులు 13లో, అక్కడ ఏమీ తినొద్దని దేవుడు ముందే చెప్పిన దైవజనుణ్ణి ఒక ముసలి ప్రవక్త, దేవదూత చెప్పాడని అబద్ధమాడి భోజనానికి తీసుకెళ్ళాడు. అబద్ధమాడినవాడు ఇంట్లోనే ఉన్నాడు, నమ్మినవాడిని సింహం చంపింది.

ప్రకాశం_మాస్టారు

పెద్దాయన రాసింది చదివాక ఏం రాయాలో తోచలేదు, అయినా మా ఊరి సంగతి ఒకటి చెప్తా. ఒంగోల్లో ప్రార్థన కొండ చూసే ఉంటారు. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లారుజామున ఆ కొండెక్కి ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అంతకుముందు ఏడాదే అమెరికాలో వాళ్ళ మిషన్ వాళ్ళు ఈ తెలుగు పని మూసేద్దామా అని చర్చ పెట్టారు, ఎన్నేళ్ళయినా పట్టుమని పదిమంది చేరలేదని. ఆ ప్రార్థనకి జవాబుగా జాన్ క్లౌ గారు ఒంగోలొచ్చింది 1866లో. పన్నెండేళ్ళు.

నాకు అందులో బాగా నచ్చేది తర్వాతి కథ. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు క్లౌ గారు ఏ గుర్తు కోసమూ చూడలేదు, ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసినవాడు కదా, బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళకి పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరుతున్నారేమో అని కరువు పని నడిచినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు మొదలెట్టారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది. ఆ అంకె ఒంగోలు బాప్టిస్టు పిల్లలకి ఎక్కాల్లాగా నోటికొస్తుంది. మా పిల్లలకి నేను చెప్పేది మాత్రం ఆ పలుగూ పార సంగతి. ఆకలితో మనిషి ఎదురుగా నిలబడితే దేవుని చిత్తం ఏంటని కొండెక్కి అడగక్కర్లేదు.

తెనాలి_డేవిడన్న

మాస్టారూ బాగా చెప్పారు. ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. తలుపు తెరుచుకుంది కాబట్టి దేవుని చిత్తం అని చాలామంది అంటారు. యోనా పారిపోదామని యొప్పేకి వెళ్తే తర్షీషుకి ఓడ రెడీగా ఉంది, చేతిలో ఛార్జీకి డబ్బులూ ఉన్నాయి. తలుపు అంతకంటే బాగా ఎవరికి తెరుచుకుంది? ఇటు చూస్తే పౌలు ఆసియాలో వాక్యం చెప్దామంటే అడ్డు, బితూనియకి వెళ్దామంటే అడ్డు, చివరికి దర్శనం చూసి మాసిదోనియకి వెళ్తే ఫిలిప్పీలో బెత్తం దెబ్బలూ జైలూ. అడ్డు తగిలిందనో సాఫీగా జరిగిందనో చూసి ఏమీ చెప్పలేం. జారిపోతానేమో అన్నావు కదా చెల్లెమ్మా, చేపలోకి వెళ్ళినవాణ్ణి కూడా తిరిగి ఒడ్డున పడేసినవాడు ఆయన.

హోరేబు_77

రెండు రోజుల నుంచి ఇదంతా చదువుతున్నా. పాత హెబ్రోను అయ్యగారి మాటలు రాత్రంతా గుర్తొచ్చాయి. నేను తొందరపడి వచనాలు పెట్టేశా, క్షమించు చెల్లెమ్మా. ఒక్కటి అడగాలనిపించింది. అయ్యగారిని అడిగావు, ప్రవక్త్రి చెప్పింది విన్నావు, కార్డుని అడిగావు, ఇక్కడ మమ్మల్నందర్నీ అడిగావు. అమ్మని అడిగావా?

చీరాల_పిల్ల · ఆదివారం మధ్యాహ్నం

అడగలేదు బ్రదర్. మీ మెసేజ్ చూసి సిగ్గేసింది. తనకి బాధ అవుతుందని ఇంట్లో ఆ మాటే తేలేదు, పిన్నితో గుసగుసలే.

గుణదల అక్క చెప్పినట్టు ముందు ఒక రోజు లీవ్ పెట్టి పడుకున్నా, 11 గంటలు. నిన్న అమ్మతో డయాలసిస్‌కి నేనే వెళ్ళా. మిషన్ మీద కూర్చోబెట్టాక రెండో గంటలో అడిగా. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, నీ కాయితాలు బీరువాలో చీరల కింద పెట్టావు, నేను మార్చిలోనే చూశా, నువ్వే చెప్తావని చూస్తున్నా అని. ఇంకా ఏమందంటే, నువ్వు ఇంటికొస్తే నాకు పోలీసొచ్చినట్టు ఉంటదే, స్టీలు గ్లాసుతో నీళ్ళు కొలుస్తావు, పచ్చడి తీసేస్తావు, మీ పిన్నయితే అడక్కుండా ఇంకో అర గ్లాసు పోస్తది. పక్క బెడ్ మీద ముసలాయన కూడా నవ్వాడు. (పిన్నితో ఆ అర గ్లాసు సంగతి తర్వాత మాట్లాడా, గట్టిగానే.)

చివర్లో మాత్రం నవ్వకుండా చెప్పింది. పొమ్మనీ అనను, ఉండమనీ అనను, వాడి పరీక్షలు మార్చిలో అయిపోనీ, అప్పటిదాకా నా కళ్ళ ముందు ఉండు, ఆ తర్వాత నువ్వు ఏం చేసినా నేను దేవుడితో మాట్లాడుకుంటా అంది.

ఏజెన్సీకి ఫోన్ చేసి జూన్ బ్యాచ్‌కి మారుస్తారా అని అడిగా, హాస్పిటల్ వాళ్ళని కనుక్కుని శుక్రవారం చెప్తామన్నారు. ఒప్పుకోకపోతే ఈ ఆఫర్ పోయినట్టే, పోతే పోయింది, టామ్‌కామ్‌కి కూడా ఒక మెయిల్ పెట్టా. నర్సక్కా, అమ్మకి ఫిస్ట్యులానే, తమ్ముడికి చెయ్యి పెట్టి చూడటం నేర్పించా, వాడు వైబ్రేషన్ మోడ్‌లో ఫోన్ పెట్టినట్టుంది అక్కా అంటున్నాడు. బాండ్ కాగితం మళ్ళీ చదివా, మూడేళ్ళు అని ఉంది, నేను రెండు అనుకున్నా.

అయ్యగారికి ఇంకా చెప్పలేదు. పాత హెబ్రోను తాతగారూ, మీరు అడగమన్న ప్రశ్న రాసి పెట్టుకున్నా, వచ్చే ఆదివారం అడుగుతా, భయంగానే ఉంది. మీ చెల్లెలు గారికి నా వందనాలు చెప్పండి.

ఈలోగా బీ2 మొదలెట్టాలి. అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లు ఎక్కడ బాగుంటాయో ఎవరికైనా తెలుసా? ఆన్‌లైన్ వద్దు, నైట్ డ్యూటీ దిగాక ఆన్‌లైన్ అంటే నిద్రే.

పాత_హెబ్రోను

చెప్పానమ్మా. నీ పేరేంటని అడిగింది. ఇక్కడ పేర్లుండవన్నాను. సరే, చీరాల పిల్ల అనే ప్రార్థన చేస్తానంది.

నల్గొండ_పోరడు

అమీర్‌పేట్‌ల మా దోస్తు చెల్లె గదే జర్మన్ నేర్సుకుంటున్నది, సాయంత్రం ఆరింటికి బ్యాచ్ అన్నది, ఫీజు ఎంతనో కనుక్కొని రేపు చెప్త. పిన్నికి కొబ్బరినీళ్ళ సంగతి గూడ చెప్పు అక్కా, మా పెద్దబాపుకు గట్లనే సలువ జేస్తదని తాపిచ్చిండ్రు, పొటాషియం ఎక్కువై అర్ధరాత్రి హాస్పిటల్‌కి ఉరికినం.